అట్టలో ఉన్నది చీర కాదు

ఈపురుపాలెంలో నేత ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. మగ్గం చప్పుడే దారి చెబుతుంది. అలా వెళ్ళి జాకార్డు మగ్గం పక్కన ఒక పూట కూచుని చూడండి. నేతగాడు కాలితో తొక్కుతాడు. నెత్తి మీద పెట్టెలో చిల్లులు కొట్టిన అట్ట ఒకటి తిరిగి, సూదుల వరసకు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. చిల్లి ఉన్నచోట సూది దూరిపోతుంది, దానికి కట్టిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లి లేనిచోట సూది వెనక్కి జరుగుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగులకూ లేవని పోగులకూ మధ్య నుంచి నాడె ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. పేక ఒక్క వరస పడింది. మళ్ళీ తొక్కుడు, మళ్ళీ ఇంకో అట్ట. అంచు మీద బుటా పూర్తిగా తేలాలంటే అట్టల దండ వరస తప్పకుండా తిరగాలి. ఒక్క అట్ట అటూ ఇటూ అయితే బుటా వంకర పోతుంది.

ఆ దండను చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూసినా చీర కనపడదు. రంగు లేదు, నూలు లేదు, జరీ లేదు. ఉన్నవల్లా చిల్లులు. ఎవరో తొక్కాలి, పడుగు లేవాలి, నాడె పరిగెత్తాలి. అప్పుడు గానీ చీర కాదు.

జన్యువుల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతే మరిచిపోతాం. “వాళ్ళ రక్తంలోనే ఉంది” అనే పాత మాటకు ఇప్పుడు “వాళ్ళ జీన్స్‌లోనే ఉంది” అని కొత్త చొక్కా తొడిగాం. జన్యువు అట్ట మాత్రమే. దాన్ని ఎవరు చదువుతున్నారు, ఎప్పుడు చదువుతున్నారు అన్నదే అసలు సంగతి. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఈపురుపాలెంలో రోడ్డెక్కి స్టువర్టుపురం దాటితే బాపట్ల. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు. అక్కడి నుంచి 1986లో విడుదలైన వరి వంగడం బీపీటీ 5204. అంగట్లో దాని పేరు సాంబ మసూరి. మధ్యాహ్నం మీ కంచంలో ఉన్నది అదే అయినా ఆశ్చర్యం లేదు.

ఆ వడ్లను నానబోసి మండె కట్టారనుకుందాం. గోనెసంచి విప్పేసరికి గింజ ముక్కు దగ్గర తెల్లటి వేరు మొలక. దాని కొసన సూది మొనంత చోటులో కణాలు గబగబా ఒకటి రెండవుతూ ఉంటాయి. అలా చీలే ప్రతి కణమూ ముందుగా తన అట్టల దండ మొత్తానికి నకలు తీసుకోవాలి, పుట్టబోయే ఇద్దరికీ తలా ఒకటి ఇవ్వాలి గనక. వరిలో ఆ దండ చిన్నదేమీ కాదు. 12 క్రోమోజోముల్లో కలిపి సుమారు 39 కోట్ల అక్షరాలు. అనేక దేశాల శాస్త్రవేత్తలు పంచుకుని చదివి, 2005లో ఆ పని పూర్తిచేశారు. మన దేశం వంతుకు వచ్చింది 11వ క్రోమోజోములో కొంత భాగం. ఆ 11ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పనుంది.

అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. డీఎన్‌ఏ అంటే పెనవేసుకున్న రెండు పోగులు. ఒక పోగులో ఎ ఉంటే రెండోదాంట్లో దానికి ఎదురుగా టి, జి ఉంటే సి. 1953లో వాట్సన్, క్రిక్ ఈ జతల సంగతి బయటపెట్టినప్పుడే నకలు ఎలా తయారవుతుందో సగం తెలిసిపోయింది. రెండు పోగుల్నీ విడదీస్తే చాలు, ఏ పోగును చూసినా దాని జత ఎలా ఉండాలో చెప్పెయ్యొచ్చు. కణం చేసేదీ అదే. ఒక ఎంజైము పురి విప్పుకుంటూ ముందుకు పోతుంటే, పాలిమరేజ్ అనే మరో ఎంజైము వెనకాలే వస్తూ సరిజోడు అక్షరాలను పేరుస్తుంది.

ఇక్కడో ఇబ్బంది ఉంది. పాలిమరేజ్ ఒక దిక్కుగానే నడవగలదు, రెండు పోగులేమో ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. అందుకని ఒక పోగు మీద నకలు ఏకధాటిగా సాగుతుంది, రెండోదాని మీద ముక్కలు ముక్కలుగా తయారై తర్వాత అతుక్కుంటుంది. 1960ల్లో ఈ ముక్కలను పట్టుకున్నది జపాన్‌కు చెందిన రేజీ, త్సునేకో ఒకాజాకీ అనే భార్యాభర్తలు. పోగు తెగినప్పుడల్లా వేళ్ళతో అతికి నేత ఆపకుండా సాగించే చేతులు చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు.

తప్పులు పడవా అంటే, పడతాయి. పాలిమరేజ్ లక్షకు ఒకటి చొప్పున తప్పు అక్షరం పెడుతుంది. వెంటనే వెనక్కి తిరిగి చూసుకుని తీసేస్తుంది. దాని కన్నుగప్పి పోయినవాటిని పట్టుకోవడానికి వెనక ఇంకో ముఠా ఉంటుంది. అన్ని వడపోతలూ అయ్యాక మిగిలేది సుమారు వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు. నా వ్యాసాలకు ప్రూఫులు దిద్దేవారిని కించపరచను గానీ, ఆ లెక్క మనుషులకు అందేది కాదు. అయినా ఆ ఒక్క తప్పునూ తేలిగ్గా తీసిపారెయ్యకండి. వరిలో ఇన్ని రకాలు పుట్టింది అలాంటి మిగులు తప్పుల వల్లే.

నకలు తీయడం కణానికి అప్పుడప్పుడూ వచ్చే పని. రోజువారీ పని చదవడం. ఇంటి దస్తావేజు బీరువాలోంచి కదపకుండా కావలసిన పేజీ మాత్రం జిరాక్స్ తీసుకుని ఆఫీసుకు పోతామే, అలాంటిది. డీఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. కావలసిన జన్యువు వరకు ఆర్‌ఎన్‌ఏ అనే ఒంటిపోగు ప్రతి తయారవుతుంది. అందులో టి బదులు యు రాస్తారు, మిగతాదంతా అదే. వరి ఆకులోనూ గింజలోనూ ఉన్నది ఒకే దస్తావేజు. అయినా గింజలో పేరుకునే గ్లూటెలిన్ ప్రొటీను ఆకులో తయారుకాదు, ఎందుకంటే ఆ పేజీని ఆకు తెరవదు. ఏ పేజీ తెరవాలన్నది ప్రతి జన్యువుకూ ముందున్న ప్రమోటర్ అనే కాస్త జాగాలో తేలుతుంది. అక్కడ కొన్ని సహాయక ప్రొటీన్లు వచ్చి గుమిగూడాలి. అవి కుదురుకుంటేనే చదివే ఎంజైము వచ్చి పని మొదలెడుతుంది. మగ్గం భాషలో చెప్పాలంటే అది కాలు పడే చోటు.

జిరాక్స్ తీశాక మధ్యలో పనికిరాని భాగాలు కత్తిరించి, మిగిలినవి అతకాలి. ఈ కత్తిరింపు తేడా పడితే ఏమవుతుందో అన్నంలోనే చూడొచ్చు. అన్నం పొడిపొడిగా ఉండటానికి అమైలోజ్ అనే పిండిపదార్థం ముఖ్యం. దాన్ని తయారుచేసే ఎంజైముకు సంబంధించిన జన్యువులో, కత్తెర పడాల్సిన గుర్తు దగ్గర జి ఉండాలి. జపాన్ తరహా వరుల్లో చాలావాటికి అక్కడ టి ఉంది. దాంతో కత్తెర సరిగా పడదు, పనికొచ్చే ప్రతులు తగ్గుతాయి, ఎంజైము తగ్గుతుంది, అమైలోజ్ తగ్గుతుంది, అన్నం అంటుకుపోతుంది. జపాన్‌వాళ్ళు పుల్లలతో అన్నం తినగలుగుతున్నారంటే అందులో ఆ ఒక్క అక్షరం చలవ కూడా ఉంది. మన పప్పూ నెయ్యీ కలుపుకునే చేతికి ఆ అన్నం పెట్టి చూడండి, గొడవ మొదలవుతుంది.

ఇక నేత. కత్తిరింపు అయిన ప్రతి కేంద్రకం దాటి వచ్చి రైబోజోము అనే మగ్గం ఎక్కుతుంది. రైబోజోము అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరాలతో మూడేసి మాటలు 64 అవుతాయి. వాటిలో 61 మాటలు 20 అమైనో ఆమ్లాలకు పేర్లు, మిగిలిన మూడూ ‘ఇక చాలు, ఆపు’ అనే ఆజ్ఞలు. ఒక్కో మాటకూ తగిన అమైనో ఆమ్లాన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు మోసుకొచ్చి అందిస్తాయి, రైబోజోము దాన్ని పాత గొలుసుకు కలుపుతుంది. బాక్టీరియాలో ఈ పని సెకనుకు పదిహేను, ఇరవై చొప్పున సాగిపోతుంది. గొలుసు పూర్తయి, తనంతట తాను మడతపడి ఒక ఆకారానికి వస్తే అదే ప్రొటీను. ఈ నిఘంటువులో మొదటి మాట 1961లో నైరెన్‌బర్గ్, మథాయ్ చదివారు. యు-యు-యు అంటే ఫినైల్ అలనిన్ అని. మిగతా మాటలు తేల్చిన వారిలో మన హరగోవింద్ ఖురానా ఒకరు. 1968 నోబెల్ ఆయనకు నైరెన్‌బర్గ్, హాలీలతో కలిపి వచ్చింది.

మగ్గంతో పోలిక ఇక్కడికి తెగుతుంది. ఈపురుపాలెం మగ్గం కొయ్యతో చేసింది, అది చీరను నేస్తుంది గానీ ఇంకో మగ్గాన్ని నేయదు. కణంలో మాత్రం మగ్గానికి కావలసిన ప్రొటీన్లను కూడా ఆ మగ్గమే నేసుకోవాలి. మరి మొదటి మగ్గాన్ని ఎవరు నేశారన్న ప్రశ్న జీవశాస్త్రంలో ఇంకా తీరని చిక్కుల్లో ఒకటి.

సాంబ మసూరి దగ్గరికి వద్దాం. తెనాలి, రేపల్లె కాలవల కింద ఈ వరి వేసినవాళ్ళకు దాని బలహీనత ఏమిటో చెప్పక్కర్లేదు: ఎండాకు తెగులు. గాలివాన వచ్చి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీరుకుపోతే, ఆ గాట్లలోంచి ఒక బాక్టీరియా లోపలికి దూరుతుంది. ఆకు అంచు వెంట కొస నుంచి కిందికి అలలు అలలుగా పసుపు దిగుతుంది. పొద్దున్నే చూస్తే ఆ మచ్చల మీద పసుపుపచ్చని సన్నటి బొట్లు. ఎండెక్కేసరికి అవి గట్టిపడతాయి, ఆకు గడ్డి రంగుకు తిరుగుతుంది.

ఆ బాక్టీరియా లోపల చేసే పని తెలిస్తే దొంగ అయినా ముచ్చటేస్తుంది. దానికీ ఒక సూది ఉంది. ఆ సూదితో కణంలోకి తన ప్రొటీనును ఎక్కిస్తుంది. ఆ ప్రొటీను నేరుగా కేంద్రకంలోకి పోతుంది. దాని ఒంటి మీద ఒకేలాంటి ముక్కలు వరసగా ఉంటాయి, ఒక్కో ముక్క డీఎన్‌ఏలో ఒక్కో అక్షరాన్ని తడిమి గుర్తుపడుతుంది. ఏ ముక్క ఏ అక్షరాన్ని గుర్తిస్తుందో 2009లో రెండు బృందాలు తేల్చాయి. అలా తడుముకుంటూ పోయి వరిలోని ఒక చక్కెర జన్యువు ప్రమోటర్ మీద కూచుంటుంది. తొక్కుతుంది. కణం వెంటనే ఆ జన్యువును చదివి, చక్కెరను బయటికి వదిలే ద్వారాలను పెద్ద ఎత్తున నేయడం మొదలెడుతుంది. కణంలోని తీపంతా బయటికి కారుతుంది, బయట కాచుకుని కూచున్న బాక్టీరియా తింటుంది. అట్టలో ఎక్కడా తప్పు లేదు, రైబోజోము వచ్చిన ప్రతిని వచ్చినట్టే నేసింది. తప్పంతా తొక్కిన కాలిది.

దీనికి విరుగుడు వరిలోనే ఉంది. కొన్ని రకాల్లో ఆ చక్కెర జన్యువు చెక్కుచెదరలేదు గానీ దాని ముందున్న జాగాలో అక్షరాలు మారాయి. దొంగ తడుముకుంటాడు, కూచునే చోటు దొరకదు. శాస్త్రవేత్తలు దీన్ని ఎక్స్‌ఏ 13 అంటారు. రెండోది ఎక్స్‌ఏ 5. ప్రమోటర్ దగ్గర గుమిగూడతాయని చెప్పిన సహాయక ప్రొటీన్లలో ఒకదాని తాలూకు జన్యువు ఇది. వంద పైచిలుకు అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీను. మామూలు వరిలో దాని 39వ స్థానంలో జి-యు-సి అని ఉంటుంది, అంటే వాలిన్. తెగులు తట్టుకునే వరిలో జి-ఎ-జి, అంటే గ్లుటామిక్ ఆమ్లం. ఆ ఒక్క మార్పుతో బాక్టీరియా ప్రొటీనుకు పట్టు జారిపోతుంది, మొక్క సొంత పనులకు మాత్రం అడ్డు రాదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పిల్లల్ని పీడించే సికిల్ సెల్ జబ్బులో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసి. అక్కడ హిమోగ్లోబిన్‌లో ఒకచోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తుంది. అవే రెండు ముక్కలు, ఒకచోట కాపు, ఒకచోట చేటు.

మూడోది ఎక్స్‌ఏ 21. ఇది 11వ క్రోమోజోము మీద ఉంటుంది. బాక్టీరియా వాసన తగలగానే కేక వేసే కాపలాదారు లాంటి ప్రొటీను దీని నేత. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం దీన్ని విడదీసి చూపించింది.

ఈ మూడూ సాంబ మసూరికి ఎక్కించిన పని హైదరాబాదులో జరిగింది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రమేశ్ సొంటి, వరి పరిశోధన డైరెక్టరేట్‌లో ఆర్.ఎం. సుందరం, వారి సహచరులు దీని మీద పనిచేశారు. లూధియానా నుంచి వచ్చిన ఒక వరిలో మూడు జన్యువులూ అప్పటికే ఉన్నాయి. దాన్ని సాంబతో సంకరం చేసి, వచ్చిన బిడ్డల్ని మళ్ళీ సాంబతోనే నాలుగుసార్లు కలిపారు. అలా చేస్తే సగటున వందకు 97 పాళ్ళు సాంబే మిగులుతుంది. రుచి, సన్నదనం పోకుండా ఉండాలంటే ఇదే దారి. ప్రతి తరంలోనూ ఏ నారుమొక్కలో ఆ మూడూ ఉన్నాయో తెలియాలి. తెగులు తగిలిందాకా ఆగితే ఏళ్ళు పడుతుంది. అందుకని ఆకు ముక్క గిల్లి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌లో పెట్టారు. కరోనా రోజుల్లో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన పరీక్షకు ఇది తోబుట్టువు. వేరు మొలక కొసన జరిగే నకలు పనినే గాజు గొట్టంలో జరిపించడం, అంతే. ప్రతి చుట్టులో ఒకటి రెండవుతుంది. 30 చుట్లకు 107 కోట్లు దాటుతాయి. 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ విడుదలైంది. బయటి జన్యువును ప్రయోగశాలలో చొప్పించింది కాదు, సంకరం చేసి ఏరుకున్నది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచీ 51 దగ్గరే ఉందని తేలడంతో చక్కెర జబ్బువాళ్ళ చూపూ దీని మీద పడింది.

ఈ విత్తనం లేనివాళ్ళు ఏం చేస్తున్నారు? మందు కొడుతున్నారు. ఎండాకు తెగులుకు ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చింది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి. ఈ రెండూ బాక్టీరియా రైబోజోముకే గురిపెడతాయి. స్ట్రెప్టోమైసిన్ దాన్ని తప్పుగా చదివిస్తుంది. టెట్రాసైక్లిన్ అయితే అమైనో ఆమ్లం మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏకు చోటు లేకుండా అడ్డంగా కూచుంటుంది. అవి ఎక్కడ ఎలా కూచుంటాయో 2000లో బొమ్మ కట్టి చూపినవారు చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్, ఆయన సహచరులు. రైబోజోము మీద చేసిన కృషికి 2009లో ఆయనకు నోబెల్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, లెడర్లీ సంస్థలో. ఆ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసింది, ఆ ఏడే ఆయన కన్నుమూశారు. డెల్టా బిడ్డ ఆధ్వర్యంలో వెలుగు చూసిన మందు వంశం తిరిగి డెల్టా చేలకే వచ్చిందన్నమాట.

రావడం బాగానే ఉంది గానీ, మనుషుల జబ్బులకు పనికొచ్చే మందును ఎకరాల లెక్కన చల్లడం మంచిది కాదు. నేలలోని బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడితే రేపు ఆస్పత్రిలో అదే మందు పనిచేయకుండా పోవచ్చు. ఈ భయంతోనే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ సాగులో ఈ రెండింటి వాడకాన్ని నిలిపేయాలని ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. నన్నడిగితే, రైబోజోముకు అడ్డుపడే మందు కంటే ప్రమోటర్ దగ్గరే దొంగను జార్చే విత్తనం ఎన్నో రెట్లు మేలు.

బాపట్ల వరి కథ ఇంకా సాగుతూనే ఉంది. 2025 మే 4న భారత వ్యవసాయ పరిశోధన మండలి కమల అనే వరిని ప్రకటించింది. అసలు పేరు డీఆర్‌ఆర్ ధాన్ 100. సాంబ మసూరిలో వెన్నుకు గింజల సంఖ్యను తగ్గించే ఒక ఎంజైము జన్యువును, డీఎన్‌ఏను కోరినచోట కోసే క్రిస్పర్ అనే కత్తెరతో దెబ్బతీసి తయారుచేశారు. దిగుబడి 19 శాతం ఎక్కువనీ, పంట కాలం 20 రోజులు తక్కువనీ మండలి చెబుతోంది. దాని మీద అభ్యంతరాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. రైతు చేలో నాలుగు పంటలు పండితే గానీ ఎవరి మాట నిలుస్తుందో తేలదు.

ఈలోగా చేలో చేయదగ్గ పని ఒకటుంది. గాలివాన వెలిశాక ఆకు అంచులు పసుపెక్కితే, మందు దుకాణానికి పోయేముందు గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు తీసుకోండి. పచ్చదనం, పసుపు కలిసే చోట ఆకును కత్తిరించి, కోసిన అంచు నీళ్ళలో మునిగేలా పెట్టి కాసేపు కదపకండి. ఆ అంచు నుంచి పాలచారలా సన్నగా కిందికి దిగితే అది బాక్టీరియా. అప్పుడు యూరియా వేయడం ఆపండి, మడిలో నీళ్ళు తీసెయ్యండి, వచ్చే సార్వాకు తెగులు తట్టుకునే సాంబ విత్తనం అడగండి. నీళ్ళు తేటగానే ఉంటే జబ్బు వేరు; ఆకు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళండి.